విజువల్ కాగ్నిషన్, న్యూరోఎర్గోనామిక్స్‌లో పీహెచ్‌డీ: ఎక్కడ వెతకాలి, ఎలా అడగాలి

గూగుల్‌లో న్యూరోఎర్గోనామిక్స్ పీహెచ్‌డీ అని కొట్టి, పక్కన ఇండియా అని కూడా చేర్చి చూడండి, చేతికి వచ్చేది చాలా తక్కువ. నేనూ అలాగే మొదలుపెట్టి ఒక ఏడాది పోగొట్టుకున్నాను, ఎందుకంటే ఆ పేరుతో బోర్డు తగిలించిన డిపార్ట్‌మెంట్ కోసం వెతికాను. అలాంటివి ప్రపంచం మొత్తం మీదే వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పని మాత్రం చాలా చోట్ల జరుగుతోంది. సైకాలజీలో ఉంది, బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో ఉంది, ఏరోస్పేస్ కాలేజీల్లో, డిజైన్ విభాగాల్లో ఉంది, ఒక్కోసారి పెద్ద ఆసుపత్రిలోని చిన్న ల్యాబులో కూడా ఉంటుంది. అందుకే ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి, తర్వాత ఆ ప్రశ్న మీద పనిచేస్తున్న మనిషిని పట్టుకోండి, యూనివర్సిటీ పేరు ఆ తర్వాత చూద్దాం. ఈ వరస తప్పితే ఎంత తిరిగినా మొదటికే వస్తారు.

అసలు ఇది ఏం పని

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో మన బ్యాగులు ఎక్స్‌రే మెషీన్‌లోంచి వెళ్తుంటే తెర ముందు ఒక మనిషి కూర్చుని చూస్తుంటారు కదా. వేల బ్యాగుల్లో ఎక్కడో ఒకదాంట్లో కత్తి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 2005లో అమెరికాలో జెరెమీ వుల్ఫ్ బృందం ఇలాంటి వెతుకులాటనే ల్యాబులో పెట్టి చూసింది. వెతకాల్సిన వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు జనం 7 శాతం సార్లు దాన్ని చూడకుండా వదిలేశారు, అదే వస్తువు నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. కళ్లు అవే, బొమ్మలు అవే. అరుదుగా వచ్చేదాన్ని వెతకడంలో మనసు తొందరగా 'లేదు' అని తేల్చేస్తుంది. కన్ను చూసినదాన్ని మనసు ఎలా పట్టుకుంటుంది, ఎందుకు వదిలేస్తుంది అనేదే విజువల్ కాగ్నిషన్.

ఇప్పుడు ఆ స్క్రీనర్‌కి తల మీద మెదడు విద్యుత్ సంకేతాల్ని పట్టే ఈఈజీ క్యాప్ పెట్టి, కంటిపాప ఎంత విప్పారుతోందో కొలుస్తూ, ఎనిమిది గంటల షిఫ్టులో ఏ నిమిషానికి ధ్యాస జారిపోతోందో పట్టుకుని, దాన్ని బట్టి షిఫ్టు గానీ తెర గానీ మార్చాలనుకుంటే అది న్యూరోఎర్గోనామిక్స్. పని చేస్తున్న మనిషి మెదడును పని దగ్గరే అర్థం చేసుకోవడం. ఈ పేరుని స్థిరపరిచినవారు రాజా పరశురామన్, మన దేశంలో పుట్టినవారే, అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పనిచేశారు, 2015లో పోయారు. 2007లో మాథ్యూ రిజ్జోతో కలిసి ఆయన కూర్చిన పుస్తకం ఇప్పటికీ ఈ రంగానికి మొదటి పాఠం లాంటిది, లైబ్రరీలో దొరికితే కనీసం మొదటి అధ్యాయం చదవండి.

దీని వేర్లు ఇంకా పాతవి. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చునే సైనికులు ఎందుకు చుక్కలు మిస్సవుతున్నారని నార్మన్ మాక్‌వర్త్ పరీక్ష పెట్టి, 1948లో దాన్ని ప్రచురించారు. గడియారం ముల్లు లాంటి ఒక సూది అడుగులు వేస్తూ పోతుంటుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒకేసారి దూకుతుంది, దాన్ని పట్టుకోవాలి. మొదటి అరగంట దాటేసరికే పట్టుకోవడం పడిపోయింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ అరగంట ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, అందుకే ఇందులో పీహెచ్‌డీలకు చోటు ఉంది.

మొదటి పని: ప్రశ్నను ఒక పని చోటుకి కట్టండి

'నాకు మెదడంటే ఇష్టం, ఏఐతో కలిపి ఏదైనా చేస్తాను' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. అది నేల విడిచి సాము. మీకు దగ్గరగా తెలిసిన ఒక పని తీసుకోండి. మీ నాన్నగారు లోకో పైలట్ అయితే రాత్రి డ్యూటీలో సిగ్నల్ చూడటం గురించి మీకు తెలిసింది జర్మనీ ప్రొఫెసర్‌కి తెలియదు. మీ అక్క రేడియాలజిస్టు అయితే రోజుకి ఎన్ని సీటీలు చూస్తుందో, ఏ సమయానికి కళ్లు మొరాయిస్తాయో అడగండి. స్టీల్ ప్లాంటు కంట్రోల్ రూములో పనిచేసే మామయ్య ఉంటే అలారాలు ఒకేసారి పది మోగినప్పుడు ఏం చేస్తారో అడగండి, ఆయన చెప్పే మాటల్లోనే రెండు మూడు పరిశోధన ప్రశ్నలు ఉంటాయి.

రేడియాలజీ గురించి ఒక మాట. 2013లో ట్రాఫ్టన్ డ్రూ, మెలిస్సా వో, జెరెమీ వుల్ఫ్ కలిసి ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో ఒక గొరిల్లా బొమ్మ దాచి పెట్టారు. 24 మంది రేడియాలజిస్టులు మామూలుగా నాడ్యూల్స్ (చిన్న గడ్డలు) కోసం ఆ స్కాన్ చూశారు, 20 మందికి గొరిల్లా కనిపించలేదు. ఆ బొమ్మ మామూలు నాడ్యూల్ కంటే 48 రెట్లు పెద్దది. కంటి కదలికల్ని పట్టే ఐ ట్రాకర్ రికార్డు చూస్తే ఆ 20 మందిలో సగం కంటే ఎక్కువ మంది చూపు సరిగ్గా గొరిల్లా మీదే ఆగింది. చూపు ఆగినా చూడలేదు! నన్ను ఈ రంగంలోకి లాగింది ఆ పేపరే. మీకు కూడా అలా నిద్ర పట్టనివ్వని పేపర్ ఒకటి ఉండాలి, లేకపోతే ఇంకా రెండు నెలలు చదవండి, అప్లికేషన్ తర్వాత వేసుకోవచ్చు.

ప్రశ్న రాసుకున్నాక దాన్ని మూడు ముక్కలుగా విడగొట్టి చూసుకోండి. ఎవరు, ఏం చూస్తున్నప్పుడు, ఏం తప్పిపోతోంది అనేది మొదటిది. దాన్ని దేనితో కొలుస్తారు అనేది రెండోది, ఈఈజీయా, కంటి కదలికలా, కాంతితో మెదడు రక్తంలో మార్పులు కొలిచే ఎఫ్ఎన్ఐఆర్ఎస్సా, లేక బటన్ నొక్కడానికి పట్టే సమయమే చాలా. కొలిచాక ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారు అనేది మూడోది. ఈ మూడోదాని దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఇంటర్వ్యూలో అడిగేది కూడా దాన్నే.

మీ డిగ్రీ ఏదైనా దారి ఉంది, కానీ ఒకే దారి కాదు

ఈసీఈ, సీఎస్ఈ నుంచి వచ్చేవాళ్లకి సిగ్నల్ ప్రాసెసింగ్, కోడింగ్ వస్తాయి, ప్రయోగం డిజైన్ చేయడం రాదు. సైకాలజీ నుంచి వచ్చేవాళ్లకి సరిగ్గా తలకిందులు. ఆప్టోమెట్రీ వాళ్లకి కన్ను బాగా తెలుసు, ఫిజియోథెరపీ వాళ్లకి శరీరం తెలుసు, డిజైన్ వాళ్లకి తెర ఎలా ఉండాలో తెలుసు. ఎవరికి లేనిది వాళ్లు ముందే పూడ్చుకోవాలి. నేను ఇంజినీరింగ్ నుంచి వచ్చాను, స్టాటిస్టిక్స్ వచ్చనుకున్నాను, మొదటి ప్రయోగం డేటా చేతికొచ్చాక గానీ తెలియలేదు, ఎంతమందిని పరీక్షించాలో ముందే లెక్క వేసుకోవాలని.

ఇంకో ముఖ్యమైన విషయం మాస్టర్స్. అమెరికాలో బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటారు. యూరప్‌లో ఎక్కువ చోట్ల మాస్టర్స్ అడుగుతారు. ఇండియాలో యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంది, మూడేళ్ల డిగ్రీ అయితే మాస్టర్స్ తప్పదు. నన్నడిగితే ఈ రంగంలో ఎమ్మెస్సీ కాగ్నిటివ్ సైన్స్ చేసి వెళ్లడం వృథా కాదు, ఎందుకంటే ఆ రెండేళ్లలో ఒక థీసిస్, ఒక మంచి రెకమెండేషన్ లెటర్ రెండూ వస్తాయి.

ఇండియాలో ఎక్కడ

మన దగ్గరే ఉన్నవి ముందు. హైదరాబాద్ యూనివర్సిటీలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది, అక్కడ ఐ ట్రాకింగ్‌తో శ్రద్ధ మీద, భాష మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది, ఎమ్మెస్సీ కూడా ఉంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, కోడింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లకి అది బాగా కుదురుతుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు మీద గట్టి పరిశోధన జరుగుతుంది, ఆప్టోమెట్రీ చదివినవాళ్లు అది వదలొద్దు. తెలుగు రాష్ట్రాల పిల్లలకి ఇంటి పక్కనే ఇన్ని ఉన్నాయని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఐఐటీ కాన్పూర్‌లో కాగ్నిటివ్ సైన్స్ డిపార్ట్‌మెంటే ఉంది, ఐఐటీ గాంధీనగర్‌లో కూడా ఈ చదువు ఉంది, ప్రయాగ్‌రాజ్‌లో అలహాబాద్ యూనివర్సిటీ సెంటర్ ఈ రంగానికి ఇండియాలో పాతకాపు. బెంగళూరు ఐఐఎస్సీలో రెండు వేరు వేరు తలుపులు ఉన్నాయి. సెంటర్ ఫర్ న్యూరోసైన్స్‌లో ఎస్పీ అరుణ్ ల్యాబ్ మెదడు వస్తువుల్ని ఎలా గుర్తుపడుతుందో చూస్తుంది, అది విజువల్ కాగ్నిషన్ గుండెకాయ లాంటి ప్రశ్న. డిజైన్ అండ్ మాన్యుఫ్యాక్చరింగ్ విభాగంలో ప్రదీప్త బిశ్వాస్ ల్యాబ్ చూపుతోనే తెరను నడపడం, విమానాల కాక్‌పిట్ లాంటి చోట్ల దాన్ని వాడటం మీద పనిచేస్తుంది, అది న్యూరోఎర్గోనామిక్స్‌కి దగ్గర. ఒకే క్యాంపస్‌లో రెండూ ఉన్నా రెండింటికీ అప్లికేషన్ దారి వేరు, చూసి వేయండి. ఎర్గోనామిక్స్ వైపే మొగ్గు ఉంటే ఐఐటీ గువాహటి డిజైన్ విభాగం చూడండి.

పరీక్షల సంగతి: యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, సైకాలజీ సబ్జెక్టు తీసుకోవచ్చు. 2024-25 నుంచి నెట్ స్కోరుతో పీహెచ్‌డీ అడ్మిషన్ ఇవ్వొచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) రాకపోయినా పీహెచ్‌డీకి అర్హత వచ్చినవాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం లెక్క, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, తర్వాత 42,000, దాని మీద ఇంటి అద్దె భత్యం. గేట్‌లో 2021 నుంచి హ్యుమానిటీస్ పేపర్ వచ్చింది, అందులో సైకాలజీ ఉంది. ఇంజినీరింగ్ వాళ్లు సొంత బ్రాంచి గేట్ స్కోరుతోనే చాలా కాగ్నిటివ్ సైన్స్ విభాగాలకి అప్లై చేయొచ్చు. ఒక్కో సంస్థ నోటిఫికేషన్ ఒక్కోలా ఉంటుంది, ఐఐటీల్లో సాధారణంగా ఏడాదికి రెండు విడతలు ఉంటాయి కాబట్టి ఒకటి తప్పిందని ఏడాదంతా కూర్చోవద్దు.

బయట ఎక్కడ

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, టెన్షన్ ఎక్కువగా ఉండేది ఇక్కడే.

ఫ్రాన్స్‌లో తులూజ్ నగరంలో ఇసే-సుపాయిరో అనే ఏరోస్పేస్ కాలేజీ ఉంది. అక్కడ ఫ్రెదెరిక్ దెహే బృందం పైలట్ల మెదడు మీద పనిచేస్తుంది, సిమ్యులేటర్‌లోనే కాదు, నిజంగా విమానం గాల్లో ఉన్నప్పుడు కూడా. పని ఒత్తిడిలో ఉన్న పైలట్‌కి అలారం మోగుతున్నా వినపడకపోవడం అనే సంగతిని వాళ్లు చాలా లోతుగా చూశారు. జర్మనీలో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో క్లాస్ గ్రామన్ ల్యాబ్ మనిషి నడుస్తూ, తిరుగుతూ ఉండగానే ఈఈజీ తీస్తుంది. డార్ట్‌మండ్‌లో ఇఫాడో అనే సంస్థ ఉంది, పేరులోనే పని వాతావరణం, మానవ అంశాలు అని ఉంటుంది, వయసు మళ్లిన ఉద్యోగుల ధ్యాస లాంటి ప్రశ్నలకి అది మంచి చోటు. ఓల్డెన్‌బర్గ్‌లో చెవి చుట్టూ అంటించే చిన్న ఈఈజీ మీద పని చేసే బృందం ఉంది.

అమెరికాలో జార్జ్ మేసన్‌లో పరశురామన్ నడిపిన హ్యూమన్ ఫ్యాక్టర్స్ పీహెచ్‌డీ ఉంది. ఫిలడెల్ఫియాలో డ్రెక్సెల్ యూనివర్సిటీలో హసన్ అయాజ్ ఎఫ్ఎన్ఐఆర్ఎస్ మీద పనిచేస్తారు, నుదుటి మీద కాంతి పంపి మెదడు రక్తంలో ఆక్సిజన్ మార్పులు కొలిచే పద్ధతి అది. సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీ, జార్జియా టెక్, ఇల్లినాయ్ అర్బానాలోని బెక్‌మన్ ఇన్‌స్టిట్యూట్ కూడా జాబితాలో పెట్టుకోండి. అక్కడ పీహెచ్‌డీ సుమారు ఐదేళ్లు, బోధనలో సాయం చేసే పని (టీఏ) గానీ పరిశోధనలో సాయం చేసే పని (ఆర్ఏ) గానీ ఇచ్చి ఫీజు మాఫీ చేస్తారు. గడువు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షం. ఒక హెచ్చరిక: ఈ రంగంలో సైన్యం డబ్బు చాలా ఉంది, కొన్ని ప్రాజెక్టుల్లో అమెరికా పౌరులనే తీసుకుంటారు. మెయిల్‌లో మొహమాటం లేకుండా అడగండి, విదేశీ విద్యార్థికి ఈ ప్రాజెక్టులో చోటుందా అని. ఫ్రాన్స్‌లో కూడా కొన్ని ల్యాబులు రక్షణ దృష్ట్యా నియంత్రిత ప్రాంతాలు, సెలెక్ట్ అయ్యాక కూడా భద్రతా అనుమతికి వారాలు పడుతుంది, వీసా లెక్క వేసుకునేటప్పుడు అది కలుపుకోండి.

యూరప్‌లో పీహెచ్‌డీ అంటే చాలా చోట్ల ఉద్యోగమే, కాంట్రాక్టు, జీతం, సెలవులు ఉంటాయి. జర్మనీలో ప్రభుత్వ వేతన స్కేలు ఈ13లో కొంత శాతం ఇస్తారు, 65 శాతం అంటే మూడింట రెండు వంతుల జీతం అనుకోండి. అందుకని అక్కడ అడ్మిషన్ నోటిఫికేషన్ కోసం కాదు, ఉద్యోగ ప్రకటన కోసం వెతకాలి. యూరప్‌కి యూరాక్సెస్ అనే యూరోపియన్ కమిషన్ పోర్టల్, బ్రిటన్‌కి ఫైండ్ ఏ పీహెచ్‌డీ, జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే. చూపు మీద పనిచేసే పరిశోధకులు విజన్‌లిస్ట్ అనే మెయిల్ గ్రూపులో సీట్లు ప్రకటిస్తారు, అందులో చేరడం ఉచితం, నా సీటు నాకు అక్కడే కనిపించింది.

యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్కులు తప్పకుండా చూడండి. ఏ దేశం వాళ్లయినా వేయొచ్చు, జీతం బాగుంటుంది, పది పదిహేను మంది విద్యార్థుల్ని వేరు వేరు దేశాల్లో ఒకేసారి తీసుకుంటారు. షరతు ఒకటి గుర్తుంచుకోండి: మీరు చేరే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండకూడదు. అంటే ఈమధ్యే జర్మనీలో మాస్టర్స్ చేసినవాళ్లు జర్మనీ సీటుకి పనికిరారు, ఫ్రాన్స్ సీటుకో నెదర్లాండ్స్ సీటుకో పనికొస్తారు. ఇది తెలియక మంచి అప్లికేషన్ పాడుచేసుకున్నవాళ్లని చూశాను.

బ్రిటన్‌లో పరిశోధనకి ప్రభుత్వ డబ్బు ఇచ్చే సంస్థ యూకేఆర్ఐ స్టైపెండ్ 2025-26కి 20,780 పౌండ్లు, కానీ ఆ డబ్బుతో తీసుకునే విద్యార్థుల్లో విదేశీయులు 30 శాతానికి మించకూడదని పరిమితి ఉంది, పోటీ గట్టిగా ఉంటుంది. అక్కడ 'అడ్మిషన్ ఇచ్చాం, ఫీజు మీరే కట్టుకోండి' అనే లెటర్లు తేలిగ్గా వస్తాయి. అది సీటు కాదు, బిల్లు. ఇల్లు తాకట్టు పెట్టి పీహెచ్‌డీకి వెళ్లొద్దు, ఈ మాట అక్కలా చెబుతున్నాను.

ఆరు నెలలు ఇంట్లో కూర్చుని చేయగలిగింది

మా కాలేజీలో ఈఈజీ మెషీన్ లేదు కాబట్టి నేను ఏం చేయగలను అనే మాట చాలామంది దగ్గర విన్నాను. ల్యాప్‌టాప్ చాలు.

సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకోండి. అందులో చాలా ఎల్ అక్షరాల మధ్య ఒక టీ అక్షరం వెతికే ఆట తయారు చేయండి, రెండు రోజుల పని. తర్వాత ఒక గుంపుకి టీ సగం తెరల్లో వచ్చేలా, ఇంకో గుంపుకి చాలా అరుదుగా వచ్చేలా పెట్టి, పైన చెప్పిన 2005 ఫలితం మీ చేతుల్లో వస్తుందో లేదో చూడండి. అరుదైన గుంపులో టీ అసలు కొన్నిసార్లైనా రావాలి కదా, అందుకని తెరలు వందల్లో పెట్టాలి, మనుషులకి విసుగు పుడుతుంది, మధ్యలో విరామం ఇవ్వాలి. ఇవన్నీ చేస్తేనే తెలుస్తాయి. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఉంటే అనుమతి తీసుకోండి, లేకపోతే కనీసం ప్రతి మనిషి దగ్గరా రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి, ఆ అలవాటు ఇప్పుడే పడాలి. ఎథిక్స్ అనుమతి లేని డేటాని పేపర్‌గా పంపే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, అది నేర్చుకోవడం వరకే.

డేటా వచ్చాక సిగ్నల్ డిటెక్షన్ లెక్క వేయండి. మనిషికి నిజంగా కనిపించడం తగ్గిందా, లేక 'లేదు' అనడానికి మొగ్గు పెరిగిందా అని అది విడగొట్టి చెబుతుంది. ఈ ఒక్క తేడా బాగా అర్థమైతే ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలకి జవాబు మీ దగ్గర ఉన్నట్టే.

ఈఈజీ కోసం ఓపెన్‌న్యూరో అనే సైటులో ఇతరుల డేటా ఉచితంగా దొరుకుతుంది, ఎంఎన్ఈ-పైథాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని శుభ్రం చేయడం నేర్చుకోండి. రెప్ప కొట్టినప్పుడు సిగ్నల్ ఎలా ఎగురుతుందో, నుదుటి దగ్గర థీటా తరంగాలు, తల వెనక ఆల్ఫా తరంగాలు అంటే ఏమిటో, పని భారం పెరిగితే అవి ఎటు కదులుతాయో మీ కళ్లతో చూడండి. నాసా 1988లో తెచ్చిన టీఎల్ఎక్స్ ప్రశ్నావళి, ఆరు ప్రశ్నలతో పని భారం కొలిచేది, అది కూడా వాడి చూడండి, ఈ రంగంలో దాని పేరు వినపడని రోజు ఉండదు. మొత్తం కోడ్ గిట్‌హబ్‌లో పెట్టి, ఎవరైనా తెరిస్తే అర్థమయ్యేలా ఒక పేజీ వివరణ రాయండి. సర్టిఫికెట్ కోర్సులు పది చేసినదానికంటే ఇది బరువైనది. నేను ఇప్పుడు ల్యాబులో కొత్తవాళ్ల అప్లికేషన్లు చదవడంలో సాయం చేస్తుంటాను, ముందు ఆ లింకే నొక్కి చూస్తాను.

ఒక చిన్న సంగతి. ఈఈజీ, ఎఫ్ఎన్ఐఆర్ఎస్ పద్ధతుల్లో ఒత్తైన నల్ల జుట్టు, ముదురు చర్మం ఉన్నవాళ్ల డేటా నాణ్యత తగ్గిపోవడం నిజమైన సమస్య, దాని వల్ల ఎంతోమంది ప్రయోగాల్లోంచి బయటికి పోతున్నారు. తలకి కొబ్బరి నూనె పెట్టుకుని వచ్చిన అమ్మాయికి ఎలక్ట్రోడ్ అంటదు, ముందు రోజే తలస్నానం చేసి నూనె లేకుండా రమ్మని చెప్పాలి, జడ ఎలా పాయలు తీయాలో తెలియాలి. మన వాళ్ల తలల మీద పని చేసిన అనుభవం మీకుంటే దాన్ని అప్లికేషన్‌లో రాయండి.

మెయిల్ ఎలా రాయాలి

నేను మొదట నలభై మందికి ఒకే మెయిల్ పంపాను, పేర్లు మార్చి. ఒక్క జవాబు రాలేదు. తర్వాత ఆరుగురికి, ఒక్కొక్కరికి మూడు రోజులు వెచ్చించి రాశాను, నలుగురు జవాబిచ్చారు.

రాసేది ఇంగ్లీషులోనే, కానీ అందులో ఉండాల్సింది ఇంతే. సబ్జెక్టు లైనులో ఏ సంవత్సరం పీహెచ్‌డీకో, ఏ అంశమో. మొదటి వాక్యంలో మీరెవరు. రెండు మూడు వాక్యాల్లో వాళ్ల ఫలానా పేపర్‌లో మీకు తట్టిన నిజమైన ప్రశ్న. పొగడ్త వద్దు, 'మీ రెండో ప్రయోగంలో తెర మీద వస్తువుల సంఖ్య మారలేదు, మారిస్తే ఇదే ఫలితం వస్తుందా అని నాకు అనిపించింది' లాంటిది. తర్వాత మీరు చేసిన పని, గిట్‌హబ్ లింకు. చివర ఒకే ప్రశ్న: వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది. రెండు పేజీల సీవీ జత చేయండి. మొత్తం 200 మాటలు దాటొద్దు. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి 'యువర్ ఒబీడియెంట్ స్టూడెంట్' అని ముగించే అలవాటు మనకి ఉంది, బయటి వాళ్లకి 'డియర్ ప్రొఫెసర్' అని ఇంటి పేరు రాస్తే చాలు. ఇండియాలో ప్రొఫెసర్లకి రాసేటప్పుడు సర్, మేడమ్ మామూలే.

రెండు వారాలు చూసి ఒకే ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ జవాబు లేకపోతే వదిలేయండి, అది మీ మీద తీర్పు కాదు, వాళ్ల ఇన్‌బాక్స్ అలా ఉంటుంది. మెయిల్ ఏఐతో రాయించకండి, అందరివీ ఒకేలా వస్తున్నాయి, మొదటి లైనులోనే తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూ

పది నిమిషాల ప్రెజెంటేషన్ అడుగుతారు. మీ ప్రయోగం ఒక్కటే చెప్పండి, బొమ్మతో. తప్పకుండా వచ్చే ప్రశ్నలు: ఇది ల్యాబులో నిలిచింది సరే, నిజమైన పని చోట నిలుస్తుందా? తేడా ఏమీ రాకపోతే ఏం చేస్తారు? ఈఈజీ ఎందుకు, బటన్ నొక్కిన సమయం చాలదా? ఈ మూడోదానికి 'ఈఈజీ అంటే ఇష్టం' అని చెప్పకండి. పని చేస్తున్న మనిషిని మధ్యలో ఆపి అడగకుండానే ధ్యాస ఎప్పుడు జారిందో తెలుసుకోవాలి, అందుకు కావాలి, అని చెప్పగలగాలి. తెలియనిది తెలియదనండి, తర్వాత ఎలా తెలుసుకుంటారో చెప్పండి.

ఒప్పుకునే ముందు

ఒక చోట నాకు ఫండింగ్ ఖాయం అని ఫోన్లో చెప్పారు, నేను చేస్తున్న ఉద్యోగం మానేశాను, రెండు నెలల తర్వాత ఆ గ్రాంటు రాలేదన్నారు. ఆ నెలల్లో ఇంట్లో అమ్మ ముఖం చూడలేకపోయాను. కాబట్టి ఎన్నేళ్లకి డబ్బు ఉంది, ఎక్కడి నుంచి, నెలకి ఎంత, ఫీజు ఎవరు కడతారు, ఇవన్నీ కాగితం మీద వచ్చేదాకా రాజీనామా ఇవ్వొద్దు.

ల్యాబులో ఇప్పుడున్న విద్యార్థుల్లో ఇద్దరితోనైనా వీడియో కాల్ మాట్లాడండి, గైడ్ లేకుండా. ల్యాబు వదిలి వెళ్లిపోయినవాళ్లు ఒకరు దొరికితే ఇంకా మంచిది. వాళ్లని అడగాల్సినవి: గైడ్‌తో ఎన్ని రోజులకోసారి కూర్చుంటారు, మీ డ్రాఫ్ట్ చదివి ఇవ్వడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఐ ట్రాకర్‌గానీ ఈఈజీగానీ వారానికి ఎన్ని గంటలు మీ చేతికి వస్తుంది, పైలట్లు, డ్రైవర్లు, డాక్టర్లు లాంటి నిజమైన ఉద్యోగులు ప్రయోగానికి ఎలా దొరుకుతారు. ఈ చివరి ప్రశ్న తప్పక అడగండి. ఎయిర్‌లైన్స్‌తోనో ఆసుపత్రితోనో ల్యాబుకి ముందే ఒప్పందం లేకపోతే, మీరు మూడేళ్లూ ఇరవై ఏళ్ల కాలేజీ పిల్లల్నే పరీక్షిస్తూ, థీసిస్‌లో మాత్రం పైలట్ల గురించి రాయాల్సి వస్తుంది. సెలవు తీసుకుని ఇంటికి రావడం కుదురుతుందా అని కూడా అడగండి, పండక్కి ఇంటికి రావాలని ఉండటం తప్పేం కాదు.

ఈ జవాబులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మీ ప్రశ్న ఉన్న కాగితం పక్కన పెట్టి చూసుకోండి. ఆ ల్యాబులో ఉన్న పరికరాలతో, అక్కడికి వచ్చే మనుషులతో, వాళ్లిచ్చే ఏళ్లలో మీ ప్రశ్నకి జవాబు వెతకడం కుదిరేలా ఉంటే సంతకం పెట్టండి. కుదరకపోతే ఆ ప్రొఫెసర్‌కి మర్యాదగా థాంక్స్ చెప్పి, జాబితాలో తర్వాతి పేరు తీయండి.